గోదారమ్మ వాటా

కంపెనీల్లోనూ కచేరీల్లోనూ కొత్తగా గుమాస్తాలుగా చేరిన కుర్రాళ్లు కొందరు సాయంత్రాలు మా ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చుంటారు. మజ్జిగ తాగుతారు, వాళ్ల పైవాళ్ల మీద చాడీలు చెబుతారు, చివరికి నన్ను అడుగుతారు: "మీరు అన్నేళ్లు కలప అడితిలో చేశారు కదండీ, దొంగల్ని చాలామందిని పట్టుకుని ఉంటారేం?" నిజం చెబితే వాళ్ల మొహాలు చిన్నబోతాయి. నేను ఒక్క దొంగనీ పట్టుకోలేదు. పట్టుకు రమ్మని నన్ను పంపించింది మాత్రం ఒకసారి ఉంది. అప్పట్లో చెప్పకూడని సంగతి అది. ఆ రోజులే ఇప్పుడు లేవు గనక చెబుతాను. మీ ఉద్యోగాల్లో పనికొస్తుందో లేదో నాకు తెలీదు. నాకు మాత్రం చెప్పుకోవడం ఇష్టం.

అప్పటికి గోదావరి మీద రైలు వంతెన లేదు. కొవ్వూరు నుంచి రాజమండ్రి రావాలంటే పడవే. మా కంపెనీ పాపికొండలకు ఎగువన అడవిలో టేకు కొట్టించేది. వరద తీసి గోదావరి నిమ్మళించాక ఆ దుంగల్ని తెప్పలుగా కట్టి రాజమండ్రికి దింపేవాళ్లు. పచ్చి టేకు నీళ్లలో మునిగిపోతుంది. అందుకని ఒక్కో దుంగకి రెండు పక్కలా లావుపాటి వెదుళ్లు కట్టి తేలుస్తారు. అలా తేల్చిన దుంగల్ని అడవి తీగెలతో ఒకదానికొకటి బిగించి కడితే అది తెప్ప. దాని మీదే మట్టి పొయ్యి, దాని మీదే వంట, నిద్ర. తెప్ప ఒడ్డుకి చేరేదాకా తెప్పవాళ్లకి అదే ఇల్లు.

రేవులో దిగిన దుంగల మీద కంపెనీ ముద్ర ఉందో లేదో చూసుకోవడం నా పని. దానితోపాటు దొరగారి మాటలు తెప్పవాళ్లకీ, తెప్పవాళ్ల మాటలు దొరగారికీ చెప్పడం. మా నాన్నగారు మిషను బడిలో ఉపాధ్యాయులు కావడం వల్ల నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చాయి. ఆ ముక్కలతోనే ఉద్యోగమూ వచ్చింది.

దొరగారికి కూడా తెలుగు వచ్చును. అదే చిక్కు. ఆయన మద్రాసులో ఎవరో పండితుడి దగ్గర పుస్తకాల తెలుగు నేర్చుకుని వచ్చాడు. గోచీలు బిగించి బురదలో నిలబడ్డ తెప్పవాళ్లతో "మీరేల ఆలస్యము చేసితిరి? శీఘ్రముగా దింపుడు!" అనేవాడు. వాళ్లు నవ్వాపుకోలేక నా వైపు చూసేవాళ్లు. నేను నేల వైపు చూసేవాణ్ణి. దొరగారు కోపిష్టి మనిషి. కోపం వస్తే మెడ నుంచి నుదురు దాకా ఎర్రబడేవాడు. కాని ఎగువన మన్యం జ్వరం తగిలి వచ్చిన ప్రతి తెప్పవాడికీ తన చేత్తో మందు కలిపి, వాడు మొహం వికారంగా పెట్టినా వదలకుండా, మింగేదాకా పక్కనే నిలబడేవాడు. అందుకని ఆయన్ని వెక్కిరించేవాళ్లే గాని ద్వేషించేవాళ్లు లేరు.

తెప్పలన్నిటికీ పూచీ మేస్త్రీది. మేస్త్రీ అప్పటికే ముసలివాడు. పొడుగ్గా, ఎముకలు తేలి ఉండేవాడు. వాళ్ల తాతల నాటినుంచీ గోదావరి మీదే బతుకు. చేపలు పట్టారు, పడవలు నడిపారు, ఆ తరవాత తెప్పలు. నేను ఆదివారం గుడికి వెళతానని నాకు "పాదిరిగారు" అని పేరు పెట్టాడు. "పాదిరిగారూ, ఇవాళ ఎండెక్కువగా ఉంది, మీ దేవుడికి ఓ మాట చెప్పకూడదా అండీ?" అనేవాడు. నేను ఉడుక్కుంటే ఎండుచేపల మూట ఒకటి చేతిలో పెట్టి వెళ్లేవాడు. ఆ చేపల పులుసు కోసం నేను ఎన్నిసార్లు ఉడుక్కున్నానో చెప్పలేను.

ఇక పెద్ద గుమాస్తాగారు. పొడుం పీల్చడం, అందరినీ అనుమానించడం, ఈ రెండూ ఆయనకి ఊపిరి పీల్చడంతో సమానం. రేవులో కుక్క పడుకుని ఉంటే అది ఎవరి తాలూకో కనుక్కుని రమ్మనేవాడు. అలాంటివాడు మా అమ్మకి జబ్బు చేసిందని తెలిసి నెల్లాళ్లు తన ఇంటినుంచి నాకు క్యారేజీ పంపించాడు. పంపిస్తూ, అందులో వేసిన గరిటె తిరిగి రావాలని మూడుసార్లు చెప్పాడు.

కలప తగ్గడం మొదలైనప్పుడు అందుచేత ఆయన ప్రాణం లేచి వచ్చింది.

అడవిలో తెప్ప కట్టినప్పుడు ఉన్న దుంగలకీ, రేవులో దిగినప్పుడు ఉన్న దుంగలకీ ఎప్పుడూ కాస్త తేడా ఉండేది. కొండల మధ్య గండిలో సుడులు తిరుగుతుంటాయి, దెబ్బ తగిలి ఊడిపోయి ఉంటుందిలే అని సరిపెట్టేవాళ్లు. ఆ ఏడు అలా సరిపెట్టుకునేలా లేదు. వచ్చిన ప్రతిసారీ తక్కువే. అంతకు ముందుకంటే బాగా తక్కువ. పోయినవి వంకర కర్రలు కావు, మంచి చేవ దుంగలు. మద్రాసులో పెద్ద దొరలకి తెలిసింది. దొంగని పట్టుకోండి, లేకపోతే మేస్త్రీని పోలీసులకి అప్పగించి తెప్పల పని వేరేవాళ్లకి ఇవ్వండి అని హుకుం వచ్చింది. మేస్త్రీ ఒక్కడి సంగతి కాదు అది. అతని వెనక తెప్పల మీద బతికే పేటంతా ఉంది.

దొరగారు మేస్త్రీని పిలిచి అడిగాడు. "దుంగలు ఎచ్చటికి పోవుచున్నవి?"

మేస్త్రీ తల వంచుకుని నిలబడ్డాడు. "నేనేం చెప్పనండి," అన్నాడు.

"తెలియునా, తెలియదా?"

"చెప్పనండి."

తెలీదు అన్నా బాగుండేది. ఎంతమంది దొంగలు ఎంత హాయిగా తెలీదు అంటారో మీకు తెలుసు. ఆ మాట అనడం మేస్త్రీకి చేత కాలేదు. దొర మెడ ఎర్రబడింది. మళ్లీ తెప్పలు దిగేలోగా దొంగ ఎవరో నాకు తెలియాలి, లేకపోతే వీడే దొంగ అని నాతో ఇంగ్లీషులో అని వెళ్లిపోయాడు.

అలా దర్యాప్తు నా నెత్తిన పడింది. ఎలా చేయాలో పెద్ద గుమాస్తాగారు చెప్పారు. ఒక చిటికెడు పొడుం ఎగబీల్చి, "ఒరే, టేకు దుంగని ఎవడూ వండుకు తినడు. అయితే తలుపవుతుంది, లేకపోతే పడవవుతుంది. కొవ్వూరు వెళ్లి కొత్త తలుపులు చూసుకురా," అన్నారు.

వెళ్లాను. ఎండలో గొడుగు వేసుకుని కొవ్వూరు వీధులన్నీ తిరిగాను. కొత్త తలుపు కనిపిస్తే చాలు, ఆగి, చేత్తో తడిమి, వేలితో కొట్టి చూసేవాణ్ణి. ఒకచోట అలా తడుముతుంటే ఆ తలుపే తెరుచుకుంది. లోపలినుంచి ఒక మామ్మగారు వచ్చి, నన్ను ఆపాదమస్తకం చూసి, "ఏ ఊరు బాబూ? ఎవరబ్బాయివి?" అంది. నేను తడబడుతుంటే, "ఒక్కడివే వచ్చావేం? పెద్దవాళ్లెవరూ రాలేదా? కూర్చో, మా మనవరాలు నీళ్లకెళ్లింది, వచ్చేస్తుంది," అని చాప వేసింది. పెళ్లిచూపులకి రాలేదు, తలుపు చూడటానికి వచ్చానని చెప్పాను. "తలుపు చూసి పిల్లని చేసుకుంటారా మీ ఊళ్లో?" అని ఆవిడ చాలా ఆశ్చర్యపోయింది. తలుపు మాత్రం వేపది.

పడవలు కట్టేవాళ్ల దగ్గరికీ వెళ్లాను. వాళ్లు నన్ను అనుమానించలేదు, పైగా కడుతున్న పడవలన్నీ ఎక్కించి చూపించారు. మా టేకు ముక్క ఒక్కటి ఎక్కడా లేదు. గోదావరికి రెండు ఒడ్లూ తిరిగాను. దుంగ తేలుతూ వస్తే పట్టుకున్నామని ఒక్కడూ అనలేదు. పోయిన కలపంతా ఏదో ఒకటి కావాలి కదా, తలుపో, దూలమో, కనీసం బొగ్గో. ఏదీ కాలేదు.

ఇంక మిగిలింది తెప్ప ఎక్కడమే. పడవ మీద ఎగువకి వెళ్లి, ముద్రలు పరీక్షించడానికి వచ్చానని మేస్త్రీతో చెప్పాను.

"ముద్రలకేనాండీ?" అన్నాడు.

"ముద్రలకే."

"ఆయ్. అయితే కూర్చోండి. జారుతుంది, చెప్పులు విప్పెయ్యండి." ఎందుకొచ్చానో అతనికి తెలుసు. అతనికి తెలుసని నాకూ తెలుసు.

తెప్ప ప్రయాణం ఎంత గొప్పగా ఉంటుందో వినాలని ఉంటే ఇంకెవరినైనా అడగండి. నేను మొదటిరోజు అంతా కడుపు పట్టుకుని కూర్చున్నాను. రెండోరోజు కాస్త తేరుకుని, దర్జాగా లేచి నిలబడి, ఆ నిలబడటంలోనే నీళ్లలో పడ్డాను. నన్ను జుట్టు పట్టుకుని పైకి లాగినవాడు "పాదిరిగారికి మళ్లీ బాప్తీస్మం అయ్యింది!" అని అరిచాడు. వెనక తెప్పలవాళ్లు కూడా నవ్వారు. వాళ్లకి ఆ మాట ఎలా తెలుసో! ఆ పూట నాకు ప్రత్యేకంగా చేప ముక్కలు ఎక్కువ వేశారు.

తరవాత గండి వచ్చింది. రెండు పక్కలా కొండలు దగ్గరికి జరిగాయి, నీళ్లు నల్లబడ్డాయి. అప్పటిదాకా ఆపకుండా వాగినవాళ్లంతా నోళ్లు మూసేశారు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు గడలు పట్టుకుని నిలబడ్డారు. సుడి అంచున తెప్ప ఒక్కసారి గిర్రున తిరిగితే నా కాళ్ల కింద దుంగలు విడిపోయి మళ్లీ కలిశాయి. ఆ సందులోంచి నీళ్లు నా మొహాన కొట్టాయి. మేస్త్రీ అరుస్తున్నాడు, గడలు వంగుతున్నాయి, కొండ రాయి మా పక్కనుంచి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా వెళ్లిపోయింది. నేను దావీదు కీర్తన ఒకటి మొదలుపెట్టాను గాని రెండో మాట గుర్తు రాలేదు.

కొండలు దాటి నీళ్లు వెడల్పయ్యాయి. మేస్త్రీ గోదావరిలో మునిగి లేచి, తడిబట్టతో తెప్ప చివరికి వెళ్లాడు. అక్కడ ఒక దుంగకి పసుపు రాశాడు, కుంకం పెట్టాడు. తెప్పలోకెల్లా మంచి దుంగ అది. నేనే పొద్దున దాని ముద్ర చూసి మెచ్చుకున్నాను. దానికి రెండు పక్కలా ఉన్న వెదుళ్లు విప్పాడు. కత్తితో తీగె కోశాడు. అందరూ లేచి నిలబడి చేతులు జోడించారు. దుంగ కాసేపు మా పక్కనే నడిచింది. తల వంచింది. ఇంక కనబడలేదు. వెనక్కి తిరిగి చూస్తే మిగతా తెప్పల మీద కూడా మనుషులు చేతులు జోడించి నిలబడి ఉన్నారు.

మా టేకు తలుపులు కాకపోవడానికీ పడవలు కాకపోవడానికీ కారణం తెలిసింది. అదంతా గోదావరి అడుగున ఉంది.

మేస్త్రీ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "చూశారుగా బాబూ."

"చూశాను. ప్రతి తెప్పకీ ఇంతేనా?"

"అది నేను చెప్పకూడదండి. అమ్మకి ఇచ్చింది నోటితో చెప్పుకుంటే ఇచ్చినట్టు కాదు. మా నాన్న నాకు చెప్పలేదు, చూసి నేర్చుకున్నాను. చూసినోళ్లు చూస్తారు. చెప్పడం మాత్రం లేదు."

"కంపెనీ కలప కదా మేస్త్రీ. మనది కానిదాన్ని మనం ఎలా ఇస్తాం?"

అతనికి కోపం రాలేదు. తడి జుట్టు పిండుకుంటూ, "కలప కంపెనీదేనండి. ప్రాణాలు మావి. రెండింట్లో ఏది ఇమ్మంటారు?" అన్నాడు. గండి వైపు చెయ్యి చూపించి, "మా తమ్ముడు ఇక్కడే పోయాడు. అప్పటి దొర దుంగలకి ఇనప గొలుసులు వేయించాడండి, ఒక్కటీ పోకూడదని. విప్పడానికి రాలేదు. ఆ ఏడు అమ్మకి ఏమీ ఇవ్వలేదు," అన్నాడు.

"ఇప్పటి దొర నిన్ను జైల్లో పెట్టిస్తానంటున్నాడు."

"పెడితే వెళ్తానండి. మీరు చెప్పొద్దు అని నేననను. మీ నోరు మీది. కాకపోతే మా తెప్ప మీద కూర్చుని, మాతోపాటు గండి దాటి చూశారు. అంతే నేననేది."

ఆ ముసలాయన మీద నాకెంత ప్రేమ ఉందో అప్పుడే తెలిసింది. అతన్ని సంకెళ్లతో చూడటం నా వల్ల కాదు. అతన్ని విడిపించే మాట నా దగ్గర ఉంది. ఆ మాట చెబితే అతను అన్నేళ్లుగా ఇచ్చిందంతా ఇవ్వనట్టే అవుతుంది. మీరైతే ఏం చేసేవారు? తొందరపడి జవాబు చెప్పకండి.

ఆదివారం ఆరాధన అయ్యాక, ఊరూ పేరూ చెప్పకుండా నాన్నగారిని అడిగాను, ఒకరు నమ్మి చూపించినదాన్ని పైవాళ్లకి చెప్పాలా వద్దా అని. మా నాన్నగారు కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. "చూసింది చూడలేదనకు. అబద్ధమాడకు. ఈ రెండూ తప్పించి నీకు తోచింది చెయ్యి. నేనేమీ అనుకోను," అన్నారు. అంతకంటే ఎక్కువ చెప్పని తండ్రిని నాకిచ్చినందుకు దేవుడికి వందనాలు.

నాకు తోచింది ఏమిటంటే, మేస్త్రీ చెప్పకూడదు అన్నాడు గాని చూడకూడదు అనలేదు కదా. దొరగారి దగ్గరికి వెళ్లి, "దొంగ ఎవరూ లేరండి," అన్నాను.

ఆయన తెలుగులోనే అరిచాడు. "దుంగలకు కాళ్లు కలవా? అవియే నడచిపోయినవా?"

"ఎక్కడికి పోయాయో నాకు తెలుసండి. నేను చెప్పలేను. మీరు ఒకసారి తెప్ప ఎక్కి గండి దాటండి. మీకే తెలుస్తుంది."

ఆయన మెడ ఎర్రబడింది, చెవులు ఎర్రబడ్డాయి. నువ్వూ వాళ్లలో కలిశావన్నమాట అని ఇంగ్లీషులో అన్నాడు. వస్తాను, కాని పోలీసు జవానుని తీసుకొస్తాను, అక్కడ నాకు కనిపించింది దొంగతనమైతే అక్కడే మేస్త్రీకి సంకెళ్లు పడతాయి, నీకు ఉద్యోగం పోతుంది అన్నాడు. పక్క గదిలోంచి పెద్ద గుమాస్తాగారు తుమ్మిన తుమ్ము పొడుం వల్ల వచ్చినది కాదు.

మేస్త్రీకి కబురు చెప్పాను. దొర వస్తున్నాడు, జవాను వస్తున్నాడు, ఈ ఒక్కసారికి మానెయ్యకూడదా అని బతిమాలాను.

"దొర వచ్చాడని మీరు ఆదివారం గుడి మానేస్తారాండీ?" అన్నాడు.

దొరగారు తెప్ప మీదికి పేము కుర్చీ తెచ్చాడు. ఆ కుర్చీని తీగెలతో దుంగలకి కట్టించి, టోపీ పెట్టుకుని, తుపాకీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. జవాను ఆయన వెనక నిలబడ్డాడు. మొగల్తూరు వైపు సముద్రపొడ్డు ఊరివాడు, నల్లగా బలంగా ఉన్నాడు. సంకెళ్లు నడుముకి వేలాడుతున్నాయి. తెప్పవాళ్లు ఆ సంకెళ్ల వైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డారో! ఆ ప్రయాణంలో పాటలు లేవు, వెక్కిరింతలు లేవు. పులుసు కూడా చప్పగా ఉంది. దొరగారు మాత్రం ఏ దుంగ కదిలినా "ఏమది?" అనేవాడు.

గండిలో ఆ రోజు నీళ్లు నేను మొదట చూసినదానికంటే కోపంగా ఉన్నాయి. తెప్ప ఒక సుడిలోంచి తప్పించుకుని ఇంకో సుడి అంచున పడింది. ఒక గడ విరిగిపోయింది. తెప్ప ఏటవాలుగా లేచినప్పుడు కుర్చీ తీగెలు తెగాయి. దొరగారు ముందే లేచి నా భుజం పట్టుకోవడం మంచిదైంది. కుర్చీ ఒక్కటే వెళ్లింది, దాని వెనకే టోపీ, తుపాకీ. ఆయన వేళ్లు నా భుజంలో దిగిపోయాయి. నా రెండో భుజాన్ని జవాను పట్టుకుని, ఏదో అమ్మవారి పేరు గట్టిగా తలుచుకుంటున్నాడు. మేము ముగ్గురమూ అలా దుంగల మీద కూలబడి ఉంటే మేస్త్రీ మా తలల మీదుగా గడ తిప్పుతూ అటూ ఇటూ దూకాడు. ఆ వయసులో ఆ కాళ్లు ఎలా నిలిచాయో!

కొండలు వెనకపడ్డాయి. మేస్త్రీ గడ కింద పెట్టాడు. దొర వైపు చూశాడు, జవాను వైపు చూశాడు, సంకెళ్ల వైపు కూడా చూశాడు. తరవాత నీళ్లలో మునిగి లేచి, పసుపు పొట్లం తీసుకుని తెప్ప చివరికి నడిచాడు. దుంగకి పసుపు రాశాడు. వెదుళ్లు విప్పాడు, తీగె కోశాడు. దుంగ వెళ్లిపోయింది.

దొరగారు లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ల ముందే కంపెనీ టేకు నీళ్లలో కలిసింది. "పట్టుకొనుము! వానిని పట్టుకొనుము!" అని అరిచాడు.

జవాను కదలలేదు. ఎప్పుడు తీశాడో, కాళ్లకి చుట్టిన పట్టీలూ తలపాగా విప్పేసి, చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

"పట్టుకొనవేమి?"

"దొరగారూ," అన్నాడు జవాను, చాలా మర్యాదగా. "దొంగతనమంటే ఎవరో ఒకరు తీసుకోవాలి కదండీ. ఈయనేం తీసుకోలేదండి. తీసుకున్నావిడ్ని పట్టుకోవడం నా వల్ల కాదు. ఆవిడ ఇప్పుడే మనల్ని వదిలిపెట్టింది."

దొర వెనక్కి తిరిగాడు. వెనక తెప్పల మీద కూడా దుంగలు వదలడం ఆయన చూశాడు. నా వైపు తిరిగాడు. చూసినవాడికి చెప్పడంలో తప్పు లేదు కాబట్టి ఆయన అడిగినవాటికి జవాబు చెప్పాను.

"ప్రతి తెప్పా ఇట్లే చేయునా?"

"ప్రతి తెప్పా ఒకటి ఇస్తుందండి."

"పూర్వము?"

"పాత లెక్కలు చూస్తే పూర్వమూ తెప్పకి ఒకటేనండి. కాకపోతే అప్పుడు తెప్పలు పెద్దవి. అవి ఇసుక తిప్పలకి తట్టుకుని ఆలస్యమవుతున్నాయని, ఒక్కో పెద్ద తెప్పని మూడు చిన్న తెప్పలుగా కట్టమని ఈ ఏడే ఉత్తర్వు అయిందండి."

ఎవరి ఉత్తర్వో నేను అనలేదు. అనక్కర్లేకపోయింది. దొర మొహం ఎర్రబడటం నాకు అలవాటే, తెల్లబడటం చూడటం అదే మొదలు. మద్రాసు దొరలు మెచ్చుకున్న ఉత్తర్వు అది. దాని పుణ్యమా అని గోదావరికి మూడింతల కలప ముడుతోంది.

ఆయన రాజమండ్రి దాకా ఒక్క మాట మాట్లాడలేదు. తడిసిన జుట్టుతో, దుంగ మీద గొంతుక్కూర్చుని నీళ్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ మౌనం ఏమిటో మాకెవరికీ అంతు పట్టలేదు. మేస్త్రీ తన వాళ్లని పిలిచి, ఇక ముందు గడ ఎవడు పట్టాలో, ఏ మలుపులో జాగ్రత్తగా ఉండాలో చెప్పుకొచ్చాడు. ఒకడు ఏడిస్తే కసిరాడు. నాతో, "మా ఇంటిదానికి మీరే కబురు చెప్పండి బాబూ. నెమ్మదిగా చెప్పండి, దానికి గుండె దడ," అన్నాడు. అలాగే అన్నాను. నా ఉద్యోగం కూడా పోతోందన్న సంగతి ఆ క్షణాన నాకు తట్టలేదు.

రేవులో తెప్ప తగిలింది. పెద్ద గుమాస్తాగారు మెట్ల మీద గొడుగుతో సిద్ధంగా ఉన్నారు. మేస్త్రీ ముందుగా దిగి, జవాను దగ్గరికి వెళ్లి రెండు చేతులూ చాపాడు. జవాను ఆ చేతుల్ని చూసి దొర వైపు చూశాడు. దొరగారు వాళ్లని దాటుకుని నాలుగు మెట్లు ఎక్కి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"మేస్త్రీ. రేపటినుండి పెద్ద తెప్పలు కట్టుము. చిన్నవి వలదు."

అంతే. టోపీ లేకుండా, బూట్లలో నీళ్లు చప్పుడవుతుంటే మెట్లు ఎక్కి వెళ్లిపోయాడు. మద్రాసుకి ఏమని రాసుకున్నాడో నాకు తెలీదు, ఆ ఉత్తరం నాకు చూపించలేదు. నన్ను పనిలోంచి తియ్యలేదు. ఆ సంగతి మళ్లీ ఎత్తనూ లేదు. కొత్త కుర్చీ మాత్రం తెప్పించుకున్నాడు.

మేస్త్రీ చాపిన చేతులు ఇంకా చాపే ఉన్నాయి. పుస్తకాల తెలుగు అతనికి పూర్తిగా ఎక్కలేదు. "ఏమన్నారండీ? నన్ను తీసుకెళ్లమన్నారా?" అని అడిగాడు.

"లేదు మేస్త్రీ. మళ్లీ పెద్ద తెప్పలు కట్టమన్నారు. నువ్వే కట్టాలి."

"పెద్దవా?" అన్నాడు. ఒడ్డున ఉన్న దుంగ మీద అలాగే కూర్చుండిపోయాడు. తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా ఏడ్చాడు. జైలు తప్పినందుకు ఏడుస్తున్నాడనుకుని నేను పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"అది కాదు బాబూ. ఆ మాన్లు మేమే కొట్టాం. జ్వరాల్లో ఎడ్లతో లాక్కొచ్చాం. ఏ తెప్ప మీది ప్రాణాలు ఆ తెప్పవి, ఇవ్వకుండా దాటలేం. ఈ ఏడంతా మూడేసి, మూడేసి బంగారం లాంటి దుంగలు చేతులారా వదులుతుంటే కడుపు తరుక్కుపోయిందండి. ఎవరితో చెప్పుకోను? ఇప్పుడు మళ్లీ ఒకటే." ముక్కు తుడుచుకుని, నా చెవి దగ్గరికి వంగి, గొంతు బాగా తగ్గించి అన్నాడు. "అమ్మక్కూడా అన్ని అక్కర్లేదండి, పాదిరిగారూ."

అని, గబుక్కున గోదావరి వైపు తిరిగి రెండు చెంపలూ వాయించుకున్నాడు.